తలుపు లేని తోట

పొద్దున్నే ఇస్మత్ చేసే మొదటి పని రాతి పలక మీద నీలిరాయి నూరడం. భర్త ముర్తజా బొమ్మలు గీసేవాడు. ఇస్ఫహాన్ బజారులో ఆయన పేరు తెలియని దుకాణం లేదు. ముప్పై ఏళ్లుగా రంగులు ఆమెవి, గీతలు ఆయనవి. నూరడం అయ్యాక చేతులు కడుక్కుని, చాయ్ గ్లాసు పట్టుకుని గోడ మీది బొమ్మ దగ్గరికెళ్లి కూతురిని పలకరించేది.

నూషీన్ ఎనిమిదేళ్లప్పుడు జ్వరంతో చనిపోయింది. వారం తిరక్కుండానే ముర్తజా జానెడు కాగితం మీద ఒక తోట వేశాడు. బంగారు ఆకాశం, నిటారుగా ఒక సర్వి చెట్టు, వాగు పక్కన కూర్చున్న నూషీన్. నాలుగోనాటికి బొమ్మలో పిల్ల దానంతటదే వాగు దగ్గర్నుంచి లేచి చెట్టు కిందికి మారింది. ఏడాదికి గౌను పొట్టిదైపోతే ముర్తజా అంచు పొడిగించాడు. పక్కింటి బతూల్ నౌరోజ్ పండక్కి బొమ్మ ముందు గుప్పెడు బాదం మిఠాయి పెట్టి, "చిక్కిపోయింది, సరిగా తింటున్నట్టు లేదు," అని విసుక్కునేది.

తోట చుట్టూ నీలి పలకల గోడ. తలుపు మాత్రం లేదు. ఇస్మత్ వెయ్యనివ్వలేదు.

"మా గురువుగారు చెప్పేవారు," అన్నాడు ముర్తజా ఒకసారి. "తోటంటే మనిషి ప్రాణం, ఆ బంగారం అవతలి లోకపు వెలుగు. అది అన్నివైపుల నుంచీ వస్తుంది కాబట్టే మన బొమ్మల్లో ఎవరికీ నీడ ఉండదు. తలుపు లేకపోతే అది తోట కాదు ఇస్మత్, చెర."

"ఒకసారి పంపించింది చాలదా మీకు?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పదకొండో ఏడు వసంతంలో నూషీన్ తల్లివైపు తిరగడం మానేసింది. రోజంతా తోట గోడకు చెవి ఆనించి నిలబడేది. ఇస్మత్ బజారు కబుర్లు చెప్పింది, బతూల్ కోడలి మీద చాడీలు చెప్పింది, చివరికి కోప్పడింది కూడా. పిల్ల వెనక్కి చూడలేదు. ఒకరోజు భూతద్దం పెట్టి చూస్తే గోడ మీద ఒకచోట రంగు అరిగిపోయి కాగితం తెల్లగా కనబడింది. నూషీన్ అరచేతులు రెండూ నీలంగా ఉన్నాయి.

ఆ నీలం తన చేత్తో నూరినదే. ఇస్మత్ చాలాసేపు భూతద్దం దించలేదు.

"తలుపు వెయ్యండి," అంది చివరికి.

ముర్తజా సన్న కుంచె తీశాడు. చెయ్యి కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"కన్నవాణ్ణి కదా, నాకు చేతులు రావడం లేదు."

ఇస్మత్ కుంచె అందుకుంది. ముప్పై ఏళ్లలో ఒక్క గీత గీసిన మనిషి కాదు. తలుపు వంకరగా వచ్చింది, ఒక రెక్క పొడుగు, ఒకటి పొట్టి.

తడి ఆరాక నూషీన్ తలుపు తోసింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, కాగితం అంచుదాకా నడిచొచ్చి తల్లిని చూసింది. పంతొమ్మిదేళ్ల ముఖం.

"చెప్పులు వేసుకో," అంది ఇస్మత్. ఇంకేమీ తోచలేదు ఆమెకి.

పిల్ల నవ్వింది. చెప్పులు చేత పట్టుకునే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బతూల్ వేడి రొట్టెలు తెచ్చి, అలవాటుగా తోటకేసి చూసింది.

"అమ్మాయేదీ?"

"పోయింది," అంది ఇస్మత్.

పదకొండేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అన్నాక ఉన్నచోటే కూలబడి, బతూల్ ఒళ్ళో తల పెట్టుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. బతూల్ వీపు నిమురుతూ కూర్చుంది. రొట్టెలు చల్లారిపోయాయి.

సాయంత్రం ఇస్మత్ ముఖం కడుక్కుని, చాదర్ కప్పుకుని వాకిట్లోకి వచ్చింది. ముర్తజా అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"లేవండి," అంది. "దాన్ని ఏ మట్టిలో పడుకోబెట్టారో నాకు చూపించండి."