తోరణం రాయి

ఉప్పల్ దాటినంక వరంగల్ రోడ్డు మీద కొత్త వెంచర్. దాని గేటుకు ఓరుగల్లు తోరణం లెక్క నల్లరాతి స్తంభాలు లేపాలె. ఒక్కోటి ఐదు టన్నులు. 2007, మార్చి ఎండ. నాచారం రాళ్ల షెడ్డు నుంచి ఇరవై మందిమి పోయినం.

"క్రేను రేపొస్తదట సారూ," అన్నడు మా మేస్త్రి శాంతయ్య.

"ముహూర్తం ఇయ్యాల. ఓరుగల్లు తోరణం లేపినోళ్లకు క్రేనుండెనా?" కాంట్రాక్టర్ రామ్మోహనరావు నవ్విండు.

"లేకుండె. మట్టితోని వాలుకట్ట పోసి, దుంగల మీద రాయిని ఎక్కిచ్చిన్రు. వందలమంది కొత్త మోకులు పట్టిన్రు. దినాలకు దినాలు పట్టింది. నువ్వు ఇరవై మందికి రెండు గంటలిస్తున్నవ్. ఈ మోకు జూడు, పీసులు లేసింది."

"లేపుతవా, ఇంకో మేస్త్రిని పిలవాల్నా?"

లేపినం. రాయి సగం లేచినంక మోకు టప్పున తెగింది. శాంతయ్య తన పక్కన మోకు పట్టిన మహిపాల్‌ను అవతలికి నూకిండు. తాను తప్పించుకోలేకపాయె, రాయి మీద పడ్డది. రొమ్ము పగిలిన సప్పుడు అందరికీ ఇనవడ్డది.

పలుగులేసి రాయెత్తి మనిషిని గుంజినం. పానం లేదు. రామ్మోహనరావు గడియారం జూసుకున్నడు.

"ట్రాలీల ఏసి ఇంటికి పంపుండ్రి. మోకు ముడేసి మళ్ల మొదలువెట్టుండ్రి."

శాంతయ్య భార్య సాలమ్మ మాతోనే మట్టి మోస్తుండె. చీరంత నెత్తురుతోని లేచింది.

"కలెక్టరొచ్చేదాంక నా మనిషి ఈడనే ఉంటడు. ఈ రాయిని గేటుకడ్డం ఏద్దాం, పట్టుండ్రి!"

"పోలీసులొస్తరక్కా," అన్నడు మహిపాల్.

"నీ పానం కోసం ఆయన పాయె. నువ్వే భయపడ్తవా?"

మహిపాల్ పలుగందుకున్నడు. దుంగలేసినం. జోర్ లగా, హైసా! రాయి కదిలింది. లోపలున్న కార్లు లోపలనే ఆగినయ్.

పోలీసులొచ్చిన్రు. కాంట్రాక్టర్ మనుషులు రాడ్లు దెచ్చిన్రు. మహిపాల్ తల పగలగొట్టిన్రు. ఒకడు శవాన్ని కాళ్లు వట్టి గుంజిండు, సాలమ్మ పలుగు వాని చెయ్యి ఇరగ్గొట్టింది. పోలీసులు ఆమెను జుట్టువట్టి ఈడ్సుకపోయి వ్యాన్ల ఏసిన్రు. ఆమెతోని పదకొండు మందిని.

నేను కంకరగుట్ట ఎనుక నుంచి నాచారం ఉరికిన. షెడ్డు షెడ్డుకు జెప్పిన. మిషన్లు బందైనయ్. పాలిష్ పట్టే ఆడోళ్లు, రాయి కోసేటోళ్లు, లారీ హమాలీలు, నాలుగు వందల మందిమి పోలీస్ స్టేషన్ ముందర కూసున్నం.

ఎస్సై బయటికొచ్చిండు. "మీ లీడరెవడ్రా? ఒక్కడు లోపలికి రావాలె, మాట్లాడుదాం."

"ఒక్కరం రాం. కలెక్టర్‌నే ఈడికి పిలువు. రామ్మోహనరావును లోపలెయ్యి," అన్నం అందరం.

లాఠీలు లేచినయ్. కిటికీ ఊచల నుంచి సాలమ్మ మొత్తుకుంది:

"ఎవ్వలు లేవకుండ్రి!"

ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నం. మొదటి దెబ్బ నా భుజం మీద పడ్డది. ఎవ్వలం లేవలేదు.