చితకని నిమ్మకాయ

జీపుకు ఏ టైర్లు వేయాలన్న మాట మీద ఎర్రకోన కింది ఊళ్ళో జరిగినంత రచ్చ పొలం గట్ల మీద కూడా జరగలేదు. కోన మీద గంగమ్మ ఉంది. ఆమెను చూడాలంటే రాళ్ళ మీద జీపును పాకించుకుంటూ పోవాలి. దాన్ని దారి అనడానికి నోరు రాదు. మొదట ఇరుకుసందు వస్తుంది. రెండు గుండ్ల మధ్య జీపు పట్టీ పట్టనంత జాగా, అడుగున చక్రాలు దిగబడే పగుళ్ళు. అది దాటితే నున్నబండ. మనిషి నిలబడితేనే కాలు జారుతుంది, పక్కన చూస్తే లోయ. సందులో దూరడానికి సన్నటైర్లు కావాలి, బండను పట్టుకోవడానికి వెడల్పు టైర్లు కావాలి. ఒకే జీపుకు రెండూ ఎట్లా వేస్తారు చెప్పండి!

చెంగల్రాయుడు మాత్రం బతికినన్నాళ్ళూ సన్నటైర్లే వేశాడు. గంగమ్మకు మొక్కులు తీర్చే ఆడినెల ఆదివారాల్లో జనాన్ని ఎక్కించుకుని పైకి తీసుకుపోయి, సాయంత్రానికి దించేవాడు. ఎవరైనా టైర్ల సంగతి ఎత్తితే నవ్వేవాడు. "మేక కాళ్ళు సన్నంగా ఉండాయని ఎవురైనా ఏనుగు కాళ్ళు తగిలిస్తారా అబ్బా? మేకే కదా బండలెక్కేది!" అనేవాడు. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం నున్నబండ మీద జీపు వెనక్కి జారి పక్కకు తిరగబడింది. జీపును బాగు చేయించారు. మనిషే దక్కలేదు.

ఆ రోజు మొక్కులవాళ్ళెవరూ లేరు. భార్య పంకజాక్షి ఒక్కతే తోడు పోయింది, అదీ మొదటిసారి. బండ దగ్గర దిగి వెనకాల నడుస్తున్నది కాబట్టి బతికింది. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు చొక్కా జేబులో ఒక నిమ్మకాయ దొరికింది. అంత పెద్ద జీపు కింద పడ్డవాడి జేబులో కాయ కాయలాగే ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో ఎవరికీ తెలియలేదు. పంకజాక్షి దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. అది ఎండి, నల్లబడి, గోలీ అంతయి ఇంకా అక్కడే ఉంది.

సన్నటైర్లే చంపేశాయని ఊరంతా తేల్చేసింది. అందరికంటే గట్టిగా నమ్మినవాడు తమ్ముడు జయచంద్ర. తిరుపతిలో వ్యాను నడుపుతాడు. తిరుచానూరు, కాణిపాకం, సీజను బాగుంటే పులికాట్ దాకా జనాన్ని తిప్పుతాడు. ఊరికి వచ్చినప్పుడల్లా వెడల్పు టైర్లు వేయించమని అన్నను పోరేవాడు. అన్న పోయినాక అతనికి ఏడుపు ఎంత వచ్చిందో కోపం అంత వచ్చింది. మొండివాడు, మాట వినని మొండివాడు, వదిన బతుకు ఏం చేశాడని పళ్ళు కొరికేవాడు.

ఇంతలో జీపు కొట్టంలో ఉండి ఒక పని మొదలుపెట్టింది. ఊరికే నిలబెడితే టైర్లు పాడవుతాయని పంకజాక్షి పంక్చరు షాపు చిన్నబ్బను పిలిపించి గాలి పట్టించేది. తెల్లారేసరికి నాలుగు టైర్లూ మెత్తబడి ఉండేవి. ఒకటి కాదు, నాలుగూ ఒకే లెక్కన. పూర్తిగా కూలబడేవీ కావు, కడుపు నేలకు ఆనేంతవరకు దిగి ఆగిపోయేవి. చిన్నబ్బ ట్యూబులన్నీ నీళ్ళలో ముంచి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. "నేను మళ్ళా ఈ బండి ముట్టుకోను తల్లీ" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నాలు ఊరు సద్దుమణిగినప్పుడు కొట్టంలోంచి సుయ్‌మని సన్నటి చప్పుడు వచ్చేది. పాము కాదు. పామైతే పంకజాక్షి అంత భయపడేది కాదు.

చివరికి ఆమె సోదెమ్మను అడిగింది. "ఆయప్ప బండ మీదనే ఉండాడు. ఏదో చెప్పల్ల, చెప్పలేకుండా ఉండాడు. ఆ జీపులోనే పోయి, కట్టుకున్నదానివి పేరు పెట్టి పిలువు, ఇంటికొస్తాడు" అన్నది సోదెమ్మ. మొగుడి పేరు ఎన్నడూ నోట పలకని మనిషి పంకజాక్షి. అయినా సరేననుకుంది. మరిదికి కబురు పెట్టింది.

వదిన అడిగితే జయచంద్ర కాదంటాడా? కానీ ఒక చావు చూసిన ఇల్లది. వదినను ఎక్కించుకుపోయి, మళ్ళీ ఇంట్లో దించితే తప్ప అతనికి ఊపిరి ఆడదు. అందుకని చిత్తూరు పోయి మంచి వెడల్పు టైర్లు తెచ్చి బిగించాడు. జీపు ఛాతీ విరుచుకుని నిలబడింది. "ఇప్పుడుండాది సూడు దర్జా!" అని తనే మురిసిపోయి, వదినను తీసుకుపోయే ముందు ఒకసారి చూసుకుందామని ఒంటరిగా బయలుదేరాడు.

ఆ దర్జా ఇరుకుసందులోనే తీరిపోయింది. టైర్లు మడ్‌గార్డులు దాటి బయటికి ఉన్నాయి కదా, గుండ్ల మధ్య బిరడా బిగించినట్టు బిగుసుకుపోయాయి. స్టీరింగు తిప్పుదామంటే లోపల తగులుతోంది, తిప్పకపోతే రాయి తగులుతోంది. ఎట్లాగో వెనక్కి లాగేసరికి రాతి అంచు కొత్త టైరు పక్కభాగాన్ని చీరేసింది. జయచంద్ర కోనను తిట్టాడు, రాయిని తిట్టాడు, టైర్లు అమ్మినవాణ్ణి తిట్టాడు. ఇంటికి వచ్చి, కొట్టంలో మూలనున్న అన్న టైర్లను మళ్ళీ బిగించాడు.

సన్నటైర్లకు గట్టిగా గాలి పట్టించి మళ్ళీ పోయాడు. సందులో జీపు సునాయాసంగా దూరిపోయింది. ఏ రాయి మీద చక్రం పెట్టాలనుకుంటే ఆ రాయి మీదే పడింది. అన్న చెప్పిన మేక ఇదేనా అనుకున్నాడు. ఆ తర్వాత నున్నబండ ఎక్కబోయాడు. సగం ఎక్కాక చక్రాలు తిరుగుతున్నాయి, జీపు మాత్రం కిందికి జారుతోంది. లోయ వైపు చూడకుండా, బ్రేకు తొక్కకుండా, గేరులోనే ప్రాణాలు పెట్టుకుని కిందికి వచ్చాడు. దిగాక రాయి మీద కూలబడ్డాడు. అన్న చివరిసారి చూసింది కూడా ఇదేనని తలుచుకుంటే గుండె చెరువైంది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టంలో జీపు పక్కనే కూర్చున్నాడు. సందుకు పనికొచ్చేది బండకు పనికిరాదు, బండకు పనికొచ్చేది సందులో పట్టదు. ఏం చేయాలో తోచలేదు. అప్పుడు వినిపించింది సుయ్‌మని. లేచి ఒక్కో వాల్వు దగ్గరా చెవి పెట్టాడు. మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఉమ్మి తడి పెట్టి చూశాడు, బుడగ రాలేదు. అయినా అతని కళ్ళ ముందే ఎడమ చక్రం కడుపు మెల్లగా నేలకు దిగింది, దాని వెంటే మిగిలిన మూడూ. ఎవరో పక్కన గొంతుక్కూర్చుని, తొందర లేకుండా పని చేసుకుంటున్నట్టుంది. కొట్టమంతా నిమ్మకాయ వాసన.

"అన్నా" అన్నాడు జయచంద్ర. "ఏం కావల్ల నీకు? గాలి తీసేసి ఏం సెప్తా ఉండావు?"

మెత్తబడిన టైరును చూస్తూ చూస్తూ ఉండగా అతనికి పులికాట్ ఒడ్డు గుర్తుకొచ్చింది. అక్కడ ఇసుకలో వ్యాను దిగబడితే సగం గాలి తీసేసి బయటికి తెచ్చేవాడు. ఇసుకకు సరే, రాయి మీద మెత్తటి టైరు తెగిపోతుందని కదా ఇన్నాళ్ళూ అనుకున్నది! వెంటనే లేచాడు. గాలి పట్టించకుండా, ఆ టైర్లు ఉన్నవి ఉన్నట్టే కోనకు తోలాడు.

సందులో టైరు సన్నగానే ఉంది. బండ మీదికి వచ్చేసరికి కడుపు పరుచుకుని వెడల్పు టైరంత మేర రాయిని కరుచుకుంది. ఇంజను కూడా గట్టిగా అరవలేదు. నున్నబండ పైకి చేరి జీపు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్న మొండివాడు కాదు. అన్నకు అన్నీ తెలుసు. మరి తెలిసినవాడు ఎట్లా జారాడు? ఆ ఒక్క ప్రశ్న జవాబు లేకుండా అతనితో కిందికి దిగివచ్చింది.

ఆదివారం పొద్దున్నే వదిన పసుపు చీర కట్టుకుని, పొంగలి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోన అడుగున గంగమ్మ రాయి దగ్గర ఆగారు. టెంకాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆనవాయితీ. కాయ చితికితే దిష్టి పోయినట్టు. జయచంద్ర కాయలు పెట్టి జీపును ముందుకు కదిలించాడు. చప్పుడు రాలేదు. దిగి చూశాడు. మెత్తటి టైరు కాయను లోపలికి తీసుకుని, నొక్కకుండా వదిలేసింది. నాలుగు కాయలూ నిండుగా, పచ్చగా నేల మీద ఉన్నాయి. గాలి సరిగ్గా ఉందని ఇంతకంటే గుర్తు ఏముంటుంది! సంతోషంతో ఒక కాయను జేబులో వేసుకున్నాడు.

వెనక్కి తిరిగేసరికి వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సితకలేదా?" అంది. "అయ్యో తల్లీ! ఆ పొద్దు కూడా ఇట్లనే సితకలేదు జయచంద్రా. మీ అన్న నవ్వుకుంటా కాయ తీసి జేబులో ఏసుకున్నాడు. ఇదేం అపశకునమో, కాయ పగిలితేనే నేనెక్కేది అని మంకుపట్టు పట్టినాను. పాపం, పంపు తీసి నాలుక్కీ గాలి కొట్టి మళ్ళా తొక్కించినాడు. అప్పుడు టపామని పగిలినాయి. అన్నీ సక్రమంగానే సేసినాము కదా, అయినా ఆ తల్లికి కనికరం లేకపాయ."

జయచంద్రకు చెవుల్లో హోరు లేచింది. జవాబు దొరికింది. ఆ జవాబు తన ఎదురుగా పొంగలి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, ఆమెకు ఆ సంగతి తెలియదు.

"గాలి కొట్టు నాయనా" అంది ఆమె. "కాయ పగలకుండా నేనెక్కను."

కొట్టనంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఈ మనిషి ఇక బతకదు. జయచంద్ర పంపు తీసి నాలుగు చక్రాలకూ గాలి కొట్టాడు. జేబులో వేసుకున్న దాని బదులు ఇంకో కాయ పెట్టి తొక్కిస్తే నాలుగూ టపటపా పగిలాయి. పగిలిన చప్పుడుకు ఆమె కళ్ళు మూసుకుని దండం పెట్టింది. బండ దగ్గర ఆమెను దించి, ముందు నడవమని, ఆమె చూడకుండా గాలి తీసేస్తే సరిపోతుందనుకున్నాడు. ఆ ఆలోచన పట్టుకుని సందు దాటించాడు.

నున్నబండ కింద జీపు ఆగింది. "వదినా, నువ్వు మెల్లగా ఎక్కతా ఉండు. నేను చక్రాలు చూసుకోని వస్తా" అన్నాడు. ఆమె కదిలింది. అతను ఎడమ చక్రం దగ్గర కూర్చుని వాల్వు నొక్కాడు. సుయ్‌మని గాలి వచ్చింది.

ఆ చప్పుడు విని ఆమె ఆగిపోయింది. మూడేళ్ళు మధ్యాహ్నాలన్నీ వింటున్న చప్పుడది. మెల్లగా వెనక్కి వచ్చింది.

"మీ అన్న కూడా ఈడనే దిగినాడు" అంది. "సరిగ్గా ఇట్లనే ఆ చక్రం కాడ కూసున్నాడు. వర్జ్యం వచ్చేస్తాది, ఇంకా ఏంది ఆలస్యం, లెయ్యి అని నేనే తొందర పెట్టినాను. నా పక్క చూసి నవ్వినాడు. లేసి ఎక్కినాడు." ఆమె చూపు వాల్వు మీద పడింది. "గాలి తీసేదానికి కూసున్నాడా?"

"లేదు వదినా" అన్నాడు జయచంద్ర, తల ఎత్తకుండా. "దానికీ దీనికీ ఏం లేదు. సన్నటైర్ల వల్లనే అన్న పోయినాడు. ఊరంతా చెప్పలేదా?"

"ఇవీ సన్నటైర్లే కదప్పా" అంది పంకజాక్షి.

లోకంలో ఏ అబద్ధమైనా ఆడగలిగేవాడు, ఆ నాలుగు టైర్లు అక్కడ లేకపోతే. ఆమె వంగి అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి నిమ్మకాయ తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తబడిన చక్రం ముందు పెట్టింది. "తోలు" అంది. తోలక తప్పలేదు. చక్రం కాయ మీదుగా పోయింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని దుమ్ము తుడిచింది. ఎక్కడా చిట్లలేదు.

"మూడేండ్లు ఇదే సెప్తా ఉండాడు, నాకు తెలీలా" అంది. ఆ మాట అని, రాయి మీద కూర్చుని, నోరు కొట్టుకుని ఏడ్చింది. జయచంద్ర ఆపలేదు. ఏమని ఆపుతాడు?

మిగతా మూడు చక్రాల గాలి కూడా తీశాక జీపు నున్నబండ మీద ఒక్క జానెడు కూడా జారకుండా ఎక్కింది. ఆమె వెనకాల నడిచి వచ్చింది. జారిన చోట నిలబడి, పెళ్ళయినప్పటినుంచి పలకని పేరు పలికింది. "చెంగల్రాయా! తప్పు నాదేనయ్యా. నీది కాదు, టైర్లదీ కాదు. ఇంటికి పోదాం రా" అని కోన మారుమోగేలా పిలిచింది. గాలి లేని ఆ ఎండలో ఎక్కడినుంచో ఒకసారి నిమ్మకాయ వాసన కొట్టింది. తిరుగు దారిలో జీపులో ఇద్దరే ఉన్నారు. అయినా ముందు సీటులో మధ్యన ఆమె కొంచెం జాగా వదిలి, అంచున ఒదిగి కూర్చుంది.

ఇంటికి వచ్చి టైర్లకు గాలి పట్టించారు. మర్నాడు గాలి తగ్గలేదు. ఆ వారమూ తగ్గలేదు. మధ్యాహ్నాలు కొట్టంలో చప్పుడే లేదు. సోదెమ్మ చెప్పింది నిజమేనని, ఆయన శాంతించాడని ఊరంతా సంతోషపడింది.

పంకజాక్షి మాత్రం రోజూ పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా కొట్టంలోకి పోతుంది. ఎడమ చక్రం పక్కన కూర్చుని బొటనవేలితో టైరును నొక్కి చూస్తుంది. గట్టిగానే ఉంటుంది. ఇంకోసారి నొక్కి చూస్తుంది.