ఆగిపోయే బండి

కారు చూడడానికి పది గంటలకు వస్తామన్నారు. కిషోర్ తొమ్మిదింటికే బండి కడిగి, రేడియేటరులో ఏదో పొడి పోసి మూత బిగించి, పెళ్ళాన్ని పిలిచాడు.

"నోరు మూసుకోని నిలబడు. కాగితాల మీద సంతకం పెట్టడం వరకే నీ పని."

ఉష తల ఊపింది. మూడు రోజుల కిందట ఈ మాటకే ఎదురు చెప్పినందుకు ఎడమ చెవిలో హోరు ఇంకా తగ్గలేదు.

ఆ చిన్న పెట్రోలు కారు ఆమె పేరు మీదే ఉంది. రొయ్యలు శుభ్రం చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆరేళ్ళు వాడిన బండిని తన జీతంతో కొనుక్కుంది. తోటి ఆడవాళ్ళు ముగ్గురు పెట్రోలుకు తలా కొంత వేసుకునేవాళ్ళు. ఏసీ లేకుండా లీటరుకు పదిహేడు కిలోమీటర్లు, వేస్తే పధ్నాలుగు. ఆయిలు ఎప్పుడు మార్చిందీ, టైర్లు ఎప్పుడు వేయించిందీ అన్నీ ఆమెకు నోటికి వచ్చు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదది. పోయిన ఎండాకాలం కిషోర్ స్నేహితుల్ని ఎక్కించుకుని తిరుపతి పోయి, వేడి ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా తోలాడు. నాయుడుపేట దగ్గర పొగ కక్కి నిలబడిపోయింది. అప్పటి నుంచీ ఇరవై కిలోమీటర్లకోసారి చల్లార్చి నీళ్ళు పోస్తే తప్ప కదలదు. ఇప్పుడు తన పడవకు కొత్త ఇంజను కావాలని కారును అమ్మేస్తున్నాడు.

వచ్చినాయన పేరు హెబ్రోను. విడవలూరులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వెంట భార్య అబిగయీలు ఉంది. పాదాలు వాచి ఉన్నాయి, మోచేతి దగ్గర దూది పెట్టి ప్లాస్టరు అంటించి ఉంది. హెబ్రోను సముద్రపు కట్ట దాకా బండి తోలి చూసి వచ్చాడు.

"బాగానే ఉండాది. దోవలో ఆగదు గదా అబ్బయ్యా? వారానికి మూడు తూర్లు ఈమెను డయాలసిస్‌కు నెల్లూరు తీసకపోవాల. వచ్చేటప్పుడు కూర్చునే ఓపిక గూడా ఉండదు ఆమెకు."

"రాయి మాదిరి ఉండాది పెద్దాయనా. పెట్రోలు పోయడం, తోలడం, అంతే."

అబిగయీలు వెనక తలుపు తీసి, పడుకుంటే కాళ్ళు చాపుకోవచ్చా అని సీటు మీద చెయ్యి పెట్టి చూసుకుంటోంది. ఉష ఆ చెయ్యి చూసింది. మిట్టమధ్యాహ్నం, నెల్లూరు రోడ్డు మీద, పొగ కక్కే బండిలో ఆ మనిషి పడుకుని ఉన్నట్టు కళ్ళకు కట్టింది.

"కొనొద్దన్నా," అంది. "ఇంజను హెడ్డు వంగిపోయింది. నీళ్ళు కారకుండా పొద్దున పొడి పోసినాడు, అది ఇంకో పది కిలోమీటర్లు ఆపుతాది. ఆమెను నడిరోడ్డు మీద పెట్టుకోని ఏం చేస్తావు?"

కిషోర్ నాలుగడుగులు నడిచి వచ్చి ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె కింద పడ్డాక డొక్కలో తన్నాడు.

"ఆడమనిషిని కొడతావేందిరా," అంటూ హెబ్రోను అడ్డం వచ్చాడు. డిక్కీలోంచి వీల్ స్పానర్ లాగి కిషోర్ ఆయన భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఉషకు వినపడింది. ముసలాయన గోడకు జారిపడ్డాడు. అబిగయీలు గోడ పట్టుకుని, పక్కింటివాళ్ళను పిలుస్తూ వీధిలోకి నడిచింది.

కిషోర్ ఉషను జుట్టు పట్టి బానెట్ దగ్గరకు ఈడ్చాడు. "నీళ్ళు తగ్గినాయా? చూపీ. మూత తియ్."

"ఇంజను కాగి ఉండాది. ఇప్పుడు తీస్తే ఎగజిమ్ముతాది."

"తియ్యవే."

ఆమె తియ్యలేదు. అతను ఆమె ముఖాన్ని రేకు అంచుకేసి కొట్టాడు. పన్ను విరిగి నోరంతా రక్తమయింది. ఆమెను పక్కకు నెట్టి, స్పానర్ కింద పారేసి, బానెట్ ఎత్తి, చేతికి తువ్వాలు చుట్టుకుని తానే మూత తిప్పాడు.

మసిలే నీళ్ళు ఒక్కసారిగా అతని ముఖం మీదికి, గొంతు మీదికి, రొమ్ము మీదికి లేచాయి. అరుస్తూ నేల మీద దొర్లాడు.

ఉష నిలబడి చూసింది. చస్తే చావనీ అనిపించింది. అలా ఎంతసేపు నిలబడిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తేలలేదు. ఆ తర్వాత తొట్టి దగ్గరకు పోయి బకెట్టు ముంచుకొచ్చి అతని మీద పోసింది. రెండో బకెట్టు పోస్తుంటే, కళ్ళు తెరవలేని ఆ స్థితిలోనూ, కాలెత్తి ఆమె పొట్టలో తన్నాడు.

ఆమె బకెట్టు దించింది. స్పానర్ తీసుకుని ఆ కాలి మీద, మోకాలి కింద, ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేసింది. దాన్ని గోడవతలికి విసిరేసి, మళ్ళీ బకెట్టు అందుకుని, అంబులెన్సు వచ్చేదాకా నీళ్ళు పోస్తూనే ఉంది.

ఆసుపత్రిలో లేడీ కానిస్టేబుల్ అడిగితే జరిగిందంతా చెప్పింది. తను కొట్టిన దెబ్బ గురించి కూడా చెప్పింది.

"అది చెప్పకపోతే ఏమమ్మా," అందామె మెల్లగా.

"నేనే కొట్టినాను. రాసుకోండి."

కిషోర్‌కు ఒక కన్ను పోయింది. కేసు నడుస్తోంది, రెండు వైపులా. ఉష తన తల్లి పోలేరమ్మ దగ్గరకు వెళ్ళిపోయింది. హెడ్డు బాగుచేయిస్తే బండి ధర కన్నా ఎక్కువవుతుందని మెకానిక్ చెప్పాడు. దాన్ని పాత ఇనుము కింద అమ్మేసి ఆటోలో పనికి పోతోంది.

రెండు నెలలకు హెబ్రోను ఫోన్ చేశాడు. "బుచ్చిలో ఒక బండి చెప్పినారమ్మా. నువ్వొచ్చి చూస్తే గానీ నాకు ధైర్యం చాలదు."

మొదటి బండిని ఆమె ఆయిలు మూత విప్పి లోపల తెల్లటి జిగురు చూసి, ఆయిల్లో నీళ్ళు కలిశాయని వద్దంది. మరుసటి వారం రెండోదాన్ని, ఇంజను చల్లగా ఉండగా తన ఎదుటే స్టార్ట్ చేయించింది. పొగ లేదు. ఒక్క యజమాని, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. ఇంకా సరిపోలేదామెకు. అబిగయీలును వెనక పడుకోబెట్టి, ఏసీ వేసి, నెల్లూరు దాకా తోలుకుపోయి వెనక్కు తిప్పింది.

"ఇంక చాల్లేమ్మా, తీసుకుందాం," అన్నాడు హెబ్రోను, సరిగా అతకని భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని.

"విడవలూరు దాకా పోయి చెప్తానన్నా," అంది ఉష. వెనక అబిగయీలు నిద్రపోతోంది. గుంత వచ్చిన చోట ఉష గేరు తగ్గించి, చక్రాలను మెల్లగా దించింది.