ఎదురెదురు గుమ్మాల మధ్య కొండ ఊపిరి

రండి రండి, దగ్గరికి జరగండి. గోడవార నక్కినవాళ్ళు కూడా. చాప మీద అందరికీ చోటుంది. పక్కవాడికి ఓ జానెడు ఎక్కువ దొరికిందేమోనని కొలుచుకోకండి. ఇవాళ్టి కథ అలా కొలుచుకుంటూ బతికిన ఒకావిడదే.

మన కొండకు అవతలి వాలులో, పంపరపనస తోటల కింద ఒక ఊరుంది. తెల్లారగానే ఆ ఊళ్ళో పొయ్యిలు రాజుకుంటాయి, గంజి కుతకుతలాడుతుంది, ఆడవాళ్ళు ముల్లంగి ఊరగాయ జాడీలకు మూతలు తీస్తారు. సరిగ్గా ఆ వేళకే కొండ ఊపిరి కిందికి దిగుతుంది. తెల్లగా, మోకాలెత్తున, మూత తీసిన కుండలోంచి లేచే ఆవిరిలా ఉంటుంది. సందులో ఎవరైనా తట్ట దించి ఉంటే, "పక్కకు తియ్యవే, వస్తోంది" అంటారు. గేదె వస్తే తప్పుకున్నట్టే తప్పుకుంటారు. అది గుమ్మం గుమ్మం దగ్గరా తచ్చాడి, నచ్చిన ఇంట్లో దూరి, ఇంటి నడుమ ఉన్న ముంగిట్లో కాసేపు కూర్చుని, తర్వాత వాగు ఒడ్డుకు పోయి కరిగిపోతుంది.

దానికి నచ్చిన ఇల్లు ఎప్పుడూ ఒకటే, బావ్‌జూది.

బావ్‌జూ మొగుడు పోయిన మనిషి. కోళ్ళు పెంచుకుని బతికేది. ఆమె గుమ్మం కాస్త వంకరగా, కొండవైపు మొహం తిప్పి ఉండేది. ఫెంగ్‌షుయ్, అంటే వాళ్ళ ఇంటి వాస్తు, చూసే గావ్ తాత దిక్సూచి పలక పట్టుకుని అలా పెట్టించాడు. ఎదురింటి ఛున్‌యింగ్ మామగారు మాత్రం, "వంకర గుమ్మం దొంగల కొంపకుంటుంది" అని తిన్నగా పెట్టించుకుని, తాతను టీ అయినా ఇవ్వకుండా పంపేశాడు. ఆ మామగారు పోయాడు, గుమ్మం మిగిలింది. ఛున్‌యింగ్ మొగుడికి పట్నంలో ఇటుక బట్టీలో పని. ఇంట్లో ఛున్‌యింగ్, ఆమె కూతురు సుయిసుయి.

ఆ పిల్లకు ఆయాసం. గుండెలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. తల్లి పక్కన కూర్చుని, కిటికీలోంచి ఎదురింటిని చూసేది. ఆ కోళ్ళకు ఎంత బలుపు! ఆవిడ పంపరపనస చెట్టు కొమ్మలు కాయల బరువుకు నేలను తాకుతున్నాయి. యాభై దాటినా ఆవిడ జడలో ఒక్క నెరిసిన వెంట్రుక లేదు. చూసినకొద్దీ ఛున్‌యింగ్ కడుపులో నిప్పు రాజుకునేది.

ఒకరోజు బావ్‌జూ గుడ్లు తెచ్చింది. "పిల్లకు దగ్గు తగ్గిందా, ఛున్‌యింగ్?"

"తగ్గకేం అక్కా. నీ కోళ్ళు పీల్చగా మిగిలిన గాలి మాకూ కాస్త వస్తోందిగా."

"నా కోళ్ళ మీద పడతావేం? నీకు కూతురుంది. నాకు కోళ్ళున్నాయి."

ఛున్‌యింగ్ గుడ్లు తీసుకుంది. వండలేదు, తీసుకెళ్ళి పందికి పడేసింది.

ఆ మధ్యాహ్నమే గావ్ తాత దగ్గరికి పోయింది. "తాతా, ఆ కొండ ఊపిరి నా ఇంట్లోకి రావాలంటే ఏం చెయ్యాలి?"

"అది నీళ్ళు దాటదమ్మా. దారిలో నీళ్ళు కనబడితే ఆగి పక్కకు తిరుగుతుంది. అయితే ఒకటి..." అని తాత చుట్ట ముట్టించుకునేలోపు ఆమె వీధి మలుపు దాటేసింది.

మర్నాడు తెల్లారేసరికి బావ్‌జూ గుమ్మం ముందు నీళ్ళ జాడీలు వరసగా నిలబడి ఉన్నాయి. కొండ ఊపిరి వచ్చింది, ఆగింది, జాడీల వెంట అటూ ఇటూ తిరిగింది. చివరికి వెనక్కి తిరిగి ఛున్‌యింగ్ గుమ్మంలోకి అడుగుపెట్టింది. ఆమె దభాలున తలుపేసింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది, కిటికీలకు కాగితం అంటించింది, ముంగిలి పైన ఆకాశం కనిపించేచోట గడ్డి చాపలు కప్పింది.

సుయిసుయి ఆ రోజు నిండుగా గాలి పీల్చింది. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. లేచి గంజి మీద గంజి తాగింది. ఎదురింట్లో కోళ్ళు ఈకలు ఉబ్బించుకుని ఓ మూల ముడుచుకున్నాయి. బావ్‌జూ జడలో బూడిదరంగు పాయ ఒకటి మెరిసింది. తలుపు సందులోంచి అది చూసి ఛున్‌యింగ్‌కి కడుపు చల్లబడింది. చెప్పకూడదు గానీ, పిల్ల నవ్వినందుకంటే దానికే ఎక్కువ చల్లబడింది.

కానీ ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. పొద్దున వండిన గంజి మధ్యాహ్నానికే పులిసిపోయేది. గోడలు చెమర్చాయి. తెల్లగా ఉన్న ఊపిరి మురికి రంగుకు తిరిగి, తడిసిన బొంతలా మూలన పడి ఉంది. సుయిసుయి లోపలికి పీల్చగలుగుతోంది, బయటికి వదల్లేకపోతోంది. ఛాతీ కుండలా ఉబ్బింది, పెదాలు నీలమయ్యాయి.

కబురందుకుని గావ్ తాత సందులోకి వచ్చాడు. "తలుపు తియ్యమ్మా! ఆ రోజు సగం మాట విని పరిగెత్తావు. దాన్ని ఆపవచ్చు గానీ, కట్టేయకూడదు."

"తీస్తే ఎటు పోతుంది?"

"ఎదురుగా ఎవరి గుమ్మం ఉందో నీకు తెలీదా?"

ఛున్‌యింగ్ గడియ మీద చెయ్యి వేసి కూడా లాగలేకపోయింది. అవతల బావ్‌జూ తన గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"నీ కూతురి పిల్లికూతలు నా వంటింట్లోకి వినిపిస్తున్నాయి. తియ్యి, నన్ను తర్వాత తిట్టుకుందువు గానీ."

"తీస్తే నీ కోళ్ళకేగా పండగ!"

"పండగే. తియ్యి!"

వెనక పిల్ల గొంతులో కూత కూడా ఆగిపోయింది. అప్పుడు లాగింది ఛున్‌యింగ్. తలుపులు బార్లా తీసి, పరుగున వెళ్ళి తను పెట్టిన జాడీలను తనే తన్ని పడేసింది. నీళ్ళు సందు వాలున వాగువైపు పారిపోయాయి, దారి తేలింది. మురికి ఊపిరి ఈడ్చుకుంటూ గడప దాటి, బావ్‌జూ ఇంట్లోకి పోయింది. దాంతోపాటే సుయిసుయి ఛాతీ పూర్తిగా దిగిపోయింది. దిగింది, మళ్ళీ లేవలేదు.

"అక్కా!" అని ఛున్‌యింగ్ పెట్టిన కేకకు ఊరంతా బయటికొచ్చింది.

బావ్‌జూ ముంగిట్లో ఎండ పడుతోంది. అక్కడ ఒక చుట్టు తిరిగిన ఊపిరి తెల్లబడింది. తెల్లబడి, వచ్చిన దారినే సందు దాటి వెనక్కొచ్చింది. సుయిసుయి ఛాతీ లేచింది. ఊపిరి అటు పోయింది, పిల్ల గాలి వదిలింది. ఇటు వచ్చింది, పిల్ల పీల్చింది. చూస్తూ చూస్తూ పెదాలకు రంగు వచ్చింది.

ఇక ఆనాటి నుంచి కొండ ఊపిరి వాగు ఒడ్డుకు పోవడం మానేసింది. ఆ రెండు ఇళ్ళ మధ్యే తిరిగేది. సుయిసుయి పెరిగింది. తేయాకు కోస్తూ కొండ మీద నుంచి పిలిస్తే వాగు అవతలికి వినిపించేంత గొంతు వచ్చింది.

ఛున్‌యింగ్ మారిందా అంటారా? ఎక్కడ మారుతుంది! "ఆవిడింట్లోనే ఓ క్షణం ఎక్కువసేపు ఉంటోంది" అని చచ్చేదాకా గొణిగింది. కానీ బావ్‌జూ తుమ్మితే చాలు, పళ్ళు కొరుకుతూనే అల్లం కషాయం పట్టుకెళ్ళేది. బావ్‌జూ ముసలిదై లేవలేకపోతే, రోజూ అందరికంటే ముందు లేచి వెళ్ళి ఆ వంకర తలుపు తనే తెరిచేది. ఆ తలుపు ఒక్క పూట మూసుకుంటే తన కూతురి గతి ఏమిటో ఆమెకు తెలుసు. పగవాళ్ళ ఆయుష్షు కోసం అంతలా మొక్కుకున్న మనిషిని ఆ కొండల్లో ఇంకెవరూ చూడలేదు.

సరే, ఇక లేవండి. అన్ని పొయ్యిల మీదా వెల్లుల్లి వేగుతోంది. మీ అమ్మలు నన్ను తిట్టకముందే పోయి వేడివేడిగా తినండి.