లిఫ్టు గుంటలో మనిషి

మీటింగుల్లో నాకు చెడ్డపేరుంది. ఎవరైనా "చూద్దాం లెండి" అంటే ఒళ్ళు మండుతుంది. ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, చూడకపోతే ఎవరిని అడగాలి అన్నది తేలేదాకా కుర్చీలోంచి లేవను. అందుకే ఆసుపత్రి కొత్త భవనానికి బిమ్ ప్రణాళిక రాసే పని నా నెత్తిన పెట్టారు.

బిమ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. నేల మీద ఇటుక పెట్టకముందే కంప్యూటర్లో భవనం మొత్తం కట్టి చూసుకోవడం. స్తంభాలవాళ్ళు, పైపులవాళ్ళు, కరెంటువాళ్ళు ఎవరి భాగం వాళ్ళు గీసి ఒకే మోడల్‌లో కలుపుతారు. పైపు వచ్చి దూలంలో దూరితే తిట్టుకునేదేదో అక్కడే తిట్టుకుంటారు, సైట్‌లో సుత్తులు పట్టుకుని కాదు. మోడల్‌లోని ప్రతి వస్తువుకీ ఒక యజమాని ఉండాలని, యజమాని అనుమతి లేకుండా దాన్ని ఎవరూ తీసేయకూడదని రాశాను. ప్రతిదానికీ మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమన్నాను: ఉన్నది, తీసేయాల్సింది, కట్టాల్సింది. కట్టాల్సినదైతే దానికి తేదీ కూడా అంటుకుంటుంది.

చివర్లో ఒక వాక్యం రాసి నాకు నేనే మురిసిపోయాను. "సైట్‌లో ఉన్న ప్రతిదీ మోడల్‌లో ఉండాలి, మోడల్‌లో ఉన్న ప్రతిదీ సైట్‌లో ఉండాలి." మోడల్ తాళం చేతిలో ఉన్న డిజైన్ మేనేజర్ అది చదివి "అలాగే" అన్నాడు. ఆయన దేనికైనా అలాగే అంటాడు. వెనకాల అందరం ఆయన్ని అలాగేగారు అంటాం.

సైట్ ఎంతవరకు వచ్చిందో వారం వారం స్కాన్ చేసి మోడల్‌తో పోల్చేది మా తమ్ముడు. మూడు కాళ్ళ యంత్రాన్ని నిలబెడితే అది గిర్రున తిరుగుతూ చుట్టూ ఉన్నదంతా లేజరు చుక్కలతో కొలుస్తుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే గోడ గోడలా, మెట్టు మెట్టులా తెర మీద కనిపిస్తుంది. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. కింద నేను, మేడ మీద వాడూ మరదలూ, భోజనం మాత్రం ఒకేచోట. వాడు వట్టి వాగుడుకాయ. సైట్‌లో గేటు కాపలాదారు దగ్గర్నుంచి క్రేను నడిపే ఆయన దాకా అందర్నీ పలకరిస్తాడు. ఎవరైనా తిరిగి పలకరించకపోతే ఆ పూట వాడికి అన్నం సహించదు.

మొదటి స్కాన్‌లోనే లిఫ్టు గుంట అడుగున ఏదో కనిపించింది. పెద్దది చేసి చూస్తే మనిషి పడుకున్న ఆకారం.

"ఎవడ్రా వీడు?" అన్నాను.

"ఎవడో కునుకు తీస్తున్నాడేమో."

"నువ్వు చూడలేదా?"

"గుంటలో ఎవరూ లేరక్కా. నేనే వంగి చూశాను, ఖాళీ. యంత్రం ఏదో తిక్కతిక్కగా కొలిచుంటుంది." నవ్వేశాడు. తరవాతి వారం మళ్ళీ అదే ఆకారం, అదే చోట. ఈసారి చుక్కలు దట్టంగా పడ్డాయి. హెల్మెట్ తెలిసింది. మడిచిన మోకాలు తెలిసింది. మొహం మాత్రం అటు తిరిగి ఉంది. నేనే వెళ్ళి గుంటలోకి టార్చి వేసి చూశాను. తడి కాంక్రీటు తప్ప ఏమీ లేదు, అయినా వెనక్కి వస్తూ రెండుసార్లు తిరిగి చూశాను.

అలాగేగారు నా వాక్యాన్ని నాకే వినిపించాడు. "స్కాన్‌లో ఉందిగా మేడమ్. అంటే సైట్‌లో ఉన్నట్టేగా. మోడల్‌లో పెట్టేద్దాం, లేకపోతే రిపోర్టు తేడా ఉందని ఎర్రగా చూపిస్తుంది." పెట్టేశాడు. కొత్తగా ఏది పెట్టినా సాఫ్ట్‌వేర్ తనంతట తానే "కట్టాల్సింది" అని గుర్తు వేస్తుంది. మనం చూసి మార్చుకోవాలి. ఆయన మార్చలేదు.

ఆసుపత్రివాళ్ళు వచ్చిన రోజు, భవనం ఏ రోజుకి ఎంత లేస్తుందో చూపించే వీడియో వేశాం. స్తంభాలు మొలిచాయి, శ్లాబులు పరుచుకున్నాయి, గోడలు వచ్చాయి. లిఫ్టు గుంటకి సెంట్రింగు చెక్కలు విప్పే గురువారం రాగానే, అప్పటిదాకా ఏమీ లేని గుంట అడుగున మనిషి ప్రత్యక్షమయ్యాడు. గదంతా నవ్వింది. "ఈయన్ని కూడా మీరే కడతారా?" అని ఎవరో అడిగారు.

నాకు నవ్వు రాలేదు. వీడియోలో గుంట మెల్లగా తిరుగుతుంటే ఆ మనిషి ఎడమ చెయ్యి కనిపించింది. కుడి చెయ్యి చాపి ఉంది, ఎడమది మోచేతి దగ్గర సగం వంగి ఆగింది. చిన్నప్పుడు గోడ మీంచి పడ్డప్పటినుంచి మా తమ్ముడి ఎడమ చెయ్యి అంతకుమించి సాగదు. మీటింగు అయ్యాక అలాగేగారిని పట్టుకుని, ఆ బొమ్మని ఈ క్షణమే తీసేయమన్నాను. అలాగే అన్నాడు. మర్నాడు రిపోర్టులో అది లేదు. నా నెత్తిన పాలు పోసినట్టయింది. తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పాను, ఏమైనా సరే ఆ గుంట దగ్గరికి వెళ్ళొద్దని. "నీకు పని ఎక్కువై పిచ్చి పడుతోందే అక్కా" అన్నాడు కానీ, నా మొహం చూసి సరేనన్నాడు.

ఆ మర్నాడు గేటు దగ్గర మొహం చూసి తలుపు తీసే యంత్రం వాడికి తీయలేదు. కాపలాదారు వాడి పక్కనుంచి చూసి నాకు నమస్కారం పెట్టాడు. టీ తెచ్చినాయన అందరికీ ఇచ్చి వాడి ముందు నుంచి వెళ్ళిపోయాడు. "అందరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారక్కా" అని మొదట నవ్వాడు. సాయంత్రానికి ఆ నవ్వు వాడిపోయింది. "క్రేనాయన్ని నాలుగు కేకలేశాను. గోడకి చెప్పినట్టే ఉంది. నేనేం తప్పు చేశానే?"

ఇంటికి వెళ్ళాక మరదలు రెండే కంచాలు పెట్టింది. వాడు ఆమె ఎదురుగా కూర్చుని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె కూర వడ్డిస్తూ, "ఏంటి వదినా, అటే చూస్తున్నారు?" అంది. వాడికి నా కంచం ఇచ్చాను. నేను తినలేదని ఆమె నొచ్చుకుంది. పొద్దున్నే బట్టలు తడుపుతూ ఒక చొక్కా పట్టుకుని కిందికి వచ్చింది. "వదినా, మగవాళ్ళ చొక్కా ఇది. మనింట్లోకి ఎలా వచ్చింది?" మెట్ల మీద కూర్చున్న వాడు ఆ మాట విని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు మాట్లాడకుండా ఉండటం అదే చూడటం. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

అది వీడియోలో గుంట అడుగున మనిషి ప్రత్యక్షమైన గురువారం. వాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి సైట్ ఆఫీసు గదిలో కూర్చోబెట్టాను. "ఇక్కణ్ణించి కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాను. నా కంప్యూటర్లో మోడల్ పాత కాపీ ఉంది, కొత్తది ఇంకా దించుకోలేదు. తెరిస్తే గుంటలో మనిషి అలాగే పడుకుని ఉన్నాడు. వాడు నా ఒక్కదానికే ఎందుకు కనిపిస్తున్నాడో అప్పుడు అర్థమైంది.

అలాగేగారు వచ్చి తన సంచీని మా తమ్ముడి ఒళ్ళో పెట్టాడు, ఖాళీ కుర్చీ అనుకుని.

"ఆ మనిషిని తీసేశారా, దాచారా?" అని అడిగాను.

"హైడ్ చేశాను మేడమ్. ఎవరికీ కనపడదు, రిపోర్టులో రాదు. రెండూ ఒకటేగా."

"తీసేయమన్నాను కదండీ!"

"దానికి యజమాని ఎవరూ లేరు. యజమాని లేకుండా తీయకూడదని ప్లాన్లో మీరే రాశారు."

దాచిన వస్తువు ఎక్కడికీ పోదు. దాని చోటూ దాని తేదీ దానికి ఉంటాయి, చూసేవాళ్ళే ఉండరు. అంటే వాడు ఇవాళ పడతాడు, పడ్డాడని ఒక్కరికీ తెలియదు. మరి తీసేస్తే? దాస్తేనే పెళ్ళాం మరిచిపోయింది, తీసేస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే భయమేసింది. ఒకటే దారి తోచింది. వాణ్ణి మళ్ళీ కనపడేలా చేసి, గుంటలోంచి పైకి లాగి, గేటు బయట నిలబెట్టాలి. అలాగేగారిని కుర్చీలోంచి లేపి ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "దాచినవన్నీ చూపించు" అనే మీట నొక్కాను.

గుంట అడుగున మనిషి తేలాడు.

"ఏవయ్యా, నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు అలాగేగారు, మా తమ్ముడి ఒళ్ళోంచి సంచీ తీసుకుంటూ. "రెండు రోజులుగా ఐపు లేవేంటి?"

వాడు ఆయన్ని అమాంతం కావలించుకున్నాడు. అంతలో కిటికీలోంచి కేక వినిపించింది. సెంట్రింగు మేస్త్రీ. "స్కానరన్నా! లెవెలు చూడాలి, ఒక్కసారి ఇటొచ్చిపో!" వెనకే క్రేనాయన గొంతు కూడా వాణ్ణే పిలిచింది.

"పిలుస్తున్నారే అక్కా!" వాడి మొహం చూడాలి అప్పుడు.

"కూర్చో! ఒక్క నిమిషం!" నేను తెర మీద బొమ్మని పట్టుకుని పైకి లాగాను. అది కదల్లేదు. బరువైన మోడల్, చక్రం తిరుగుతూనే ఉంది.

"అంచున నిలబడి పలకరించి వచ్చేస్తా" అన్న మాట తలుపు దగ్గర వినిపించింది. ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు, వస్తున్నా వస్తున్నా అని వాడి కేక. మౌస్ వదిలేసి పరుగెత్తాను.

అంచున వేసిన చెక్క విరిగిందట. నేను చేరేసరికి గుంట చుట్టూ జనం. మేస్త్రీ, క్రేనాయన, గేటు కాపలాదారు, టీ ఆయన, అందరూ కిందికి వంగి వాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు. నిచ్చెన దిగి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను. వాడు నన్ను చూడలేదు, పైనున్న మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాడు.

"అందరికీ కనపడుతున్నానే అక్కా" అన్నాడు, ఎంతో సంతోషంగా.

ఆ తరవాత మేం ఎంతమంది పిలిచినా వాడు పలకలేదు.