వెనక బండి బ్రేకు

పాస్టరుగారి ప్రార్థనకు అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. అనకపోగా, మా మరిది ప్రభు బండెక్కే లోపే క్యాబిన్లోకి ఎక్కి, తాళంచెవి పీకి కొంగున ముడేసుకున్నాను. పాల్వంచలో మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. చూడనీ అనుకున్నాను.

ఆ బండి మా ఇంటిదే. ముందు లారీ, దాని వెనక తగిలించిన ట్రైలర్. అడవి పక్క తోటల నుంచి జామాయిల్ కర్ర కాగితం మిల్లుకు తోలుతుంది. నిరుడు వానాకాలంలో ఇదే బండితో నల్లగుట్ట దిగుతూ నా భర్త క్రిస్టోఫర్ చనిపోయాడు. మలుపులో ట్రైలర్ లారీని లోయవైపు తోసేసింది, కర్రంతా క్యాబిన్ మీద పడింది. దేవుడు పిలుచుకున్నాడమ్మా అని సమాధి దగ్గర వచ్చినవాళ్లంతా నా తల నిమిరారు. ఇప్పుడు అదే బండికి కొత్త క్యాబిన్ పెట్టించి, రంగులేయించి, పూలదండ కట్టి, ప్రభు చేతికిస్తున్నారు. మర్నాడు పొద్దున అతను అదే గుట్ట దిగాలి.

ఏందమ్మా ఇది అని పాస్టరుగారు అడిగారు.

"వెనక బండికి బ్రేకు లేదు అయ్యగారూ. మనం పెట్టాల్సింది మనం పెట్టకుండ దేవుణ్ని కావలి కూసోమంటే ఎట్ల?" అన్నాను.

ఆయన మా మామయ్య ముఖం చూశారు. మామయ్య నేలను చూశాడు.

నా సొంత పైత్యం కాదది. బండి షెడ్డులో ఉండగా మెకానిక్ పగిడయ్య నన్ను పిలిచి మరీ చూపించాడు. లారీలో బ్రేకు తొక్కితే గాలి ఒక గొట్టంలోంచి వెనక్కి పోయి ట్రైలర్ చక్రాలను పట్టాలి. ఆ గొట్టం మూతిలో బోల్టు బిగించి ఉంది. గాలి పోదు, వెనక చక్రాలు ఆగవు. లారీ బరువు, ట్రైలర్ బరువు, రెండింటి మీదున్న కర్ర బరువు అంతా ముందు లారీ బ్రేకులే ఆపాలి. గుట్ట దిగేటప్పుడు అవి కాగి కాగి చివరికి పట్టు వదిలేస్తాయి. బోల్టు తీసేయనా అని పగిడయ్య అడిగితే, ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాడట మామయ్య. క్రిస్టోఫర్ ఇంటికొచ్చి నడుం వాల్చి, "వెనకది నన్ను నూకుతందే" అనేవాడు. ఆ మాట అప్పుడు నాకు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

ఆ బోల్టు పెట్టింది ఎవరో కాదు, మా మామయ్య సవరయ్యే. ఆయన డ్రైవరుగా ఉన్నప్పుడు ఒకసారి వానలో ఖాళీ ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి, బస్సు కోసం నిలబడ్డ జనం మీదికి పోబోయిందట. ఎలాగో తప్పింది. ఆ రోజే బోల్టు బిగించాడు. వెనక బ్రేకు బండికి శత్రువు, గుట్టయినా చిన్న గేరులోనే దించుకోవాలి, అదే మొగోడి డ్రైవింగు అని లారీల అడ్డా మీద డ్రైవర్లందరికీ నేర్పాడు. సంఘంలో పెద్ద, రోడ్డు మీద గురువు. ఆయన మాటను ఎవరు కాదంటారు?

నేనన్నాను. జనం సర్దుకుని వెళ్లిపోయాక వరండాలో పంచాయితీ మొదలైంది. అత్తమ్మ విశ్రాంతమ్మ లోపల ముక్కు చీదుతూనే ఉంది. ఇజ్జత్ పోతంది వదినా, ఇచ్చెయ్ అని ప్రభు బతిమాలాడు. మొగుడు పోయినదానివి, మరిది బండెక్కే పూట అడ్డం పడితే లోకం ఏమంటుందో తెలుసా అని మామయ్య గదమాయించాడు. లోకం వచ్చి గుట్ట దిగదు కదా అన్నాను. ఇంట్లో ఉండాలంటే నోరు అదుపులో పెట్టుకోవాలన్నాడు. ఇల్లు వదలను, తాళం ఇవ్వను, ఏం చేస్తారో చెయ్యండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పదేళ్ల కాపురంలో ఆయన ముందు నేను కుర్చీలో కూర్చున్నదే లేదు. ఆ రోజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

మెల్లగానే చెప్పాను. మామయ్యా, మీ భయం ఉత్తది కాదు, ఖాళీ బండికి బ్రేకు గట్టిగా పడితే తిరుగుతుంది, నిజమే. కానీ దానికి ఇప్పుడు వాల్వు వచ్చింది. లోడుంటే గట్టిగా, ఖాళీగా ఉంటే మెల్లగా పట్టేలా గాలిని అదే చూసుకుంటుంది. పగిడయ్య బిగిస్తానన్నాడు. బ్రేకు డ్రమ్ములు, లైనర్లు కొత్తవి వేస్తానన్నాడు. ఇక మీకేం అడ్డం?

కోపం దిగిపోయిన ఆయన ముఖంలో వేరే ఏదో కనిపించింది. నాకు భయమేసింది.

"ఆ బోల్టు తీస్తే," అన్నాడు, "నా కొడుకును నేనే సంపిన అని ఒప్పుకున్నట్టే గద బిడ్డా."

లోపల అత్తమ్మ ఏడుపు ఆగిపోయింది. అంటే ఆయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. దేవుడు పిలుచుకున్నాడు అన్న ప్రతిసారీ తెలిసే అన్నాడు. ఆ క్షణంలో ఆయన్ని గొంతు పట్టుకుని ఊపేయాలనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. పట్టుకోలేదు.

"తియ్యకపోతే ఇంకో కొడుకును గూడ సంపుతరు మామయ్యా," అన్నాను.

మర్నాడు కర్ర లోడుకు బండి పోలేదు. తాళం నేనే ఇచ్చాను, షెడ్డుకు పోయింది. మామయ్య వెనకాలే వచ్చి, ఎవరితోనూ పలకకుండా పగిడయ్య చేతిలోంచి పానా తీసుకున్నాడు. బోల్టు తుప్పుపట్టి రాలేదు. ప్రభు వంగి పానా మీద తన చేయి కూడా వేశాడు. ఇద్దరూ కలిసి తిప్పితే వచ్చింది. ఆ వారమంతా ట్రైలర్ చక్రాలు విప్పి పరిచారు. లైనర్లు మార్చారు, రెండు పక్కలా ఒకేలా పట్టేటట్టు సరిచేశారు, వాల్వు బిగించారు. ముందు ఖాళీ బండిని తడి నేల మీద ఆపి చూశారు, అడ్డం తిరక్కుండా తిన్నగా ఆగింది. తర్వాత లోడుతో నల్లగుట్టకు పోయాం. వద్దన్నా నేను మామయ్య పక్కనే క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్నాను. సగం దిగుడులో ప్రభు బ్రేకు తొక్కాడు. రెండు బళ్లూ ఒక్కసారే ఆగాయి. వెనక నుంచి తోపు లేదు. ఇంత చిన్న పని కోసమా నా మనిషిని పోగొట్టుకున్నాను అని, అక్కడే, ఆ మలుపులోనే, గుండెలు బాదుకుని ఏడ్చాను. మామయ్య కిందకు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు గాని నా దగ్గరకు రాలేకపోయాడు.

ఆదివారం గుడిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. బండి మళ్లీ రోడ్డెక్కింది కాబట్టి దేవునికి స్తోత్రం చెబుతాడనుకున్నారు అందరూ. ఆయన ఆ మాటే ఎత్తలేదు.

"నా కొడుకును దేవుడు పిలవలే," అన్నాడు. "నేనే సావుకు తోలిన. వెనక బ్రేకు మూసింది నేను. మీకందరికి మూసుడు నేర్పింది గూడ నేనే."

పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట ఎత్తబోయారు. ఓదార్పు పాట. ఓదార్పులు నాకు చాలు. ఆడవాళ్ల వైపు చాప మీంచి లేచి, మధ్యలో దారి దాటి, మగవాళ్ల వైపు పోయి మామయ్య పక్కన నిలబడ్డాను. ఆయన్ని క్షమించానని కాదు. ఆయన పడిపోయేలా ఉన్నాడు, భుజం కింద చేయి వేశాను.

"పాట తర్వాత పాడుకుందాం అయ్యగారూ," అన్నాను. "ఇంకా బోల్టు తియ్యనోళ్లు చేతులెత్తండ్రి."

డ్రైవర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను కదలలేదు. కాసేపటికి గోడ పక్క నుంచి ఒక చేయి లేచింది. తర్వాత కిటికీ దగ్గర ఇంకొకటి. తర్వాత వరసగా లేచాయి. అందులో ముగ్గురు, క్రిస్టోఫర్ పెట్టెను సమాధుల దాకా భుజాన మోసినవాళ్లు.