నలభై మామిడి మొక్కలు

"ఇంకో బిందె తెచ్చి పడెయ్యరాదూ, ఎలాగూ వెళ్ళే దారేగా," అన్నాడు బిజివెకి.

ఎనెలెసి తలమీది బిందె దించి మెడ సవరించుకుంది. అక్టోబరు ఎండల్లో బోరింగు దగ్గర బిందెకి గంటసేపు నిలబడాలి. ఆ నీళ్ళు వంటకీ కాదు, స్నానానికీ కాదు. ఆమె మొక్కజొన్న చేలో మొగుడు కొత్తగా నాటిన నలభై మామిడి మొక్కలకి.

ఆ చేను ఆమెకి తల్లి దోరికా నుంచి వచ్చింది, దోరికాకి ఆమె తల్లి నుంచి. మలావీలో ఈ కొండకింద ఊళ్ళన్నీ అంతే, అల్లుళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. పద్నాలుగేళ్ళ కాపురంలో బిజివెకి ఒక్క చెట్టు నాటలేదు. నీడకైనా ఒకటి వెయ్యమంటే, "రేపు మీవాళ్ళు పొమ్మంటే చెట్టుని చంకన పెట్టుకుని పోతానా?" అనేవాడు. అందుకే మొదటి మొక్క చూసిననాడు, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకి ఏడుపొచ్చింది. ఉండిపోతాడన్నమాట. బోరింగు దగ్గర పక్కింటి ఫలెసి కూడా ఆటపట్టించింది: "మీ ఆయన వేళ్ళు దించుతున్నాడే, ఇక పీకినా రాడు." ఆ పూట బిందె బరువే తెలియలేదు. కానీ మొక్కకీ మొక్కకీ మధ్య మూరెడే ఎడం. మామిడికి ఐదారు బారలు కావాలని ఎవరికి తెలియదు? కాయలు తినాలనుకున్నవాడు ఇలా నాటడు. అప్పట్నుంచీ అతను నవ్వినా అనుమానమే. నిన్న అడక్కుండానే కూర బాగుందన్నాడు. ఆమె గిన్నెలో కూర మళ్ళీ రుచి చూసింది.

మొక్కలు నాటడానికి నెల ముందే, కొండలో గాలిమరలకీ కరెంటు కార్లకీ పనికొచ్చే మన్ను ఉందని, కింది చేలు కొంటామని కంపెనీ వచ్చింది. ఊరిపెద్ద మీటింగు పెట్టిననాడు ఆడవాళ్ళందరూ వచ్చినవాళ్ళకి వెనకాల వండుతున్నారు. ముందు ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "పొద్దుట్నించీ పొగలో ఉన్నావు, పడుకో," అన్నాడు బిజివెకి. ఎంత ప్రేమో.

గురువారం కంపెనీ కొలతలమ్మాయి కాగితాలతో చేలోకి వచ్చింది. "ఇంటి పెద్ద ఎవరు?"

బిజివెకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. చేనూ నాదే, చెట్లూ నావే. చెట్టుకింతని పరిహారం వేరేగా ఇస్తారట కదా?"

"ఇస్తారు. చేను పోయాక మీరుండేది ఎక్కడ?"

"మా అమ్మ ఊళ్ళో. గోడలు లేచాయి, పైకప్పే బాకీ."

గోడలు లేచాయి. ఆ సంగతి ఎనెలెసికి ఇప్పుడే తెలిసింది. తను మోసిన నీళ్ళు ఏ ఇంటికి చేరుతున్నాయో కూడా.

కేకలు పెట్టలేదు. పార తెచ్చింది.

"చెట్లు ఆయనవేనమ్మా, అలాగే రాసుకో," అంది ఆ అమ్మాయితో. "చేను మాత్రం దోరికా కూతురు ఎనెలెసిది. అమ్మాలో వద్దో నేను చెప్తాను. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

మొదటి మొక్క చుట్టూ వేరు తెగకుండా తవ్వింది. తన నీళ్ళకి మట్టి ఇంకా తడిగానే ఉంది. గడ్డతో సహా పైకి తీసి, బిజివెకి చంకలో పెట్టింది.

"పట్టింది చూడు," అంది. "నిలబడు, మిగతావీ తవ్వి ఇస్తాను."